మేఘంలో బొంగరం

మేఘంలోనికి చొచ్చిన వైమానికునికి నింగి యేదో నేల యేదో తెలియదు. విమానం ఒకే తీరున వంపు తిరుగుతూ ఉంటే, లోచెవిలోని ద్రవం కొన్ని క్షణాలకే ఆ తిరుగుడుకు అలవాటుపడి, ‘తిన్నగానే పోతున్నాము’ అని బొంకుతుంది. సరిదిద్దబోతే, రెండవ వైపునకు ఒరిగినట్లు తోస్తుంది. తన మేనిని నమ్మి అసువులు బాసినవారు ఎందరో!

దీనికి విరుగుడు మన పిల్లలాడుకొనే బొంగరమే. వడిగా తిరిగే బొంగరం తన అక్షదిశను అంత సులభంగా విడువదు. పెక్కు చిన్న విమానాలలో, ఇంజను నడిపే పంపు గాలిని పీల్చగా, ఆ గాలి తాకిడికి ఒక చక్రం తిరుగుతుంది. విమానం ఒరిగినా చక్రం ఒరగదు. దానికి కూర్చిన గీతయే కృత్రిమ క్షితిజం. గీత వాలినట్లు కనబడితే, వాలినది విమానమేనని గ్రహించాలి. నేడు కొన్నింట ఎలక్ట్రానిక్ తెరలు వచ్చినవి. గీత మాత్రం పోలేదు.

1929 సెప్టెంబరు 24న, అమెరికాలోని మిచెల్ ఫీల్డులో, సైనిక వైమానికుడు జిమ్మీ డూలిటిల్ తన ఆసనంపై ముసుగు కప్పించుకొని, పరికరాలనూ రేడియో సంకేతాలనూ మాత్రమే నమ్మి, విమానాన్ని లేపి, తిప్పి, దించాడు. అపాయం వస్తే ఆదుకొనడానికి ముందు ఆసనంలో కెల్సీ కూర్చున్నాడు. ఆయన చేతులకు పనే పడలేదు.