సైకిలు... గట్టెక్కాలి!

లారీల రొద ఉండదు. హారన్ల గోల ఉండదు. ఒక పక్క కాలువ, మరో పక్క వరిచేలు, మధ్యలో కంకర దారి. ఇలాంటి దారుల్లో సైకిలు తొక్కడానికి ఫ్రాన్స్‌లో జనం సెలవులు పెట్టుకుని మరీ వెళతారు. కృష్ణా డెల్టా వాసులకు ఆ శ్రమ అక్కర్లేదు. అవి వాళ్ల పెరటి వెనకే ఉన్నాయి. కాకపోతే... అవి దారులన్న సంగతే మరుగున పడుతోంది!

ఉదయం ఎనిమిదిన్నర. ఉయ్యూరు దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి. విజయవాడ నుంచి బందరు వైపు, బందరు నుంచి విజయవాడ వైపు ఒకటే పరుగు. బస్సులు, లారీలు, కార్లు, కాలేజీ బస్సులు... వాటి పక్కనే రోడ్డు అంచున బిక్కుబిక్కుమంటూ ఓ సైకిలు. క్యారియర్‌కి పుస్తకాల సంచి. వెనక నుంచి హారన్ వినపడగానే హ్యాండిల్ వణుకుతుంది.

ఆ రోడ్డు దిగి పుల్లేరు కాలువ గట్టెక్కితే లోకమే మారిపోతుంది. ఊరి దగ్గర సిమెంటు, కాస్త ముందుకెళితే కంకర, ఆపైన మట్టి. కొబ్బరి చెట్ల నీడ, రేవులో బట్టలుతికే చప్పుడు, నీళ్ల మీద నుంచి వచ్చే చల్లగాలి. ఎదురయ్యేది మహా అయితే పాలక్యాన్ల మోపెడ్, లేదంటే గేదెల మంద. అదే ఊరు, అదే పొద్దు. దారి మాత్రమే వేరు!

గట్టే తొలి రోడ్డు

కాలువ గట్టును ఇప్పుడు మనం ‘అడ్డదారి’ అంటున్నాం. నిజానికి డెల్టాకి అది రాచబాటే. బెజవాడ దగ్గర కృష్ణానది మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రతిపాదన అది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఛార్లెస్ ఓర్. కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, సరకులూ మొయ్యాలన్నది కాటన్ పట్టుదల. అందుకే పెద్ద కాలువలను పడవలు తిరిగేలా తవ్వించారు. నీటిమట్టం మారే చోట లాకులు కట్టారు. ఉయ్యూరుకి దగ్గర్లోని వీరంకిలాకు అనే ఊరి పేరులో ఆ రోజులు ఇప్పటికీ వినిపిస్తాయి.

గాలి అనుకూలిస్తే తెరచాప. లేకపోతే? పడవకు తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. అంటే గట్టు కేవలం నీటిని ఆపే కట్ట కాదు. అది నడక దారి. కృష్ణా కాలువల నుంచి కొమ్మమూరు కాలువ, అక్కణ్నుంచి బకింగ్‌హామ్ కాలువ... ఇలా ధాన్యం పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. తర్వాత రైళ్లొచ్చాయి, లారీలొచ్చాయి. పడవలు పోయాయి. 1952లో పాత ఆనకట్టకు గండి పడితే, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఈ కాలువలన్నీ కలిసి తూర్పు, పశ్చిమ డెల్టాల్లో సుమారు 13 లక్షల ఎకరాలకు ఇప్పటికీ నీరందిస్తున్నాయి. నీటి పని మిగిలింది. దారి పని మాత్రం ఎవరికీ పట్టకుండా పోయింది.

గట్లకు తోడు ఊళ్ల మధ్య డొంకలున్నాయి. ఒకప్పుడు ఎడ్లబళ్లు నడిచిన దారులవి. పటాల్లో వెడల్పుగా కనిపించే డొంక నేల మీదికొచ్చేసరికి చాలాచోట్ల అటో గజం ఇటో గజం పొలంలో కలిసిపోయి సన్నబడింది.

అక్కడా పడవలు పోయాయి

పడవలు పోవడం మన ఒక్కరి కథే కాదు. ఫ్రాన్స్‌లో నాంత్ నుంచి బ్రెస్ట్ వరకు సుమారు 360 కిలోమీటర్ల కాలువ ఉంది. బ్రిటిష్ నౌకాదళం సముద్రం మీద దారి మూసేస్తే సరకు రవాణా ఆగకూడదని నెపోలియన్ కాలంలో తలపెట్టారు. 1842కల్లా పూర్తయింది. 1920ల్లో మధ్యలో గెర్లెదాన్ దగ్గర ఆనకట్ట కట్టడంతో పడవల దారి రెండు ముక్కలైంది. దక్షిణాన తులూజ్ నుంచి మొదలయ్యే మిదీ కాలువ అంతకంటే పాతది. 1667లో పియర్ పాల్ రికే తవ్వకం మొదలుపెట్టారు, 1681లో పూర్తయింది. పొడవు 240 కిలోమీటర్లు. యునెస్కో దాన్ని 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడా సరకు పడవలు ఆగిపోయాయి.

ఆగిపోయాక ఏం చేశారన్నదే అసలు తేడా. గుర్రాలు పడవలు లాగుతూ నడిచిన గట్లను వాళ్లు వదిలేయలేదు. చాలాచోట్ల సన్న కంకర పరిచి, దిమ్మిస కొట్టి, సైకిళ్లకిచ్చారు. రైళ్లు ఆగిపోయిన పట్టాల దారులనూ అలాగే మార్చారు. బర్గండీ ప్రాంతంలో జివ్రీ నుంచి క్లూనీ వరకు 44 కిలోమీటర్ల పాత రైలు మార్గం 1997లో సైకిళ్ల బాటైంది. ఇలాంటివాటిని అక్కడ ‘వ్వా వెర్త్’ అంటారు. అంటే పచ్చబాట. 2004లో ఆ మాటను ఏకంగా రోడ్డు నియమావళిలోకి ఎక్కించారు. నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రపు స్వారీ... వీళ్లకే అనుమతి. మోటారు బండి వెళ్లకూడదు. కాలువ సిబ్బందికీ, పక్క పొలాల రైతులకూ చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది.

ఫలితం? కుటుంబాలకు కుటుంబాలు వారం పదిరోజుల పాటు గట్ల వెంబడి తొక్కుకుంటూ వెళతాయి. లాకుల దగ్గరి పాత కాపలా ఇళ్లు కొన్నిచోట్ల కాఫీ హోటళ్లయ్యాయి. దారిలోని పల్లెలకు నాలుగు డబ్బులు రాలుతున్నాయి.

మన పాత సైకిలే ‘గ్రావెల్’!

ఇప్పుడు ప్రపంచమంతా ‘గ్రావెల్ సైక్లింగ్’ మోజులో ఉంది. తారురోడ్డు వదిలేసి కంకరబాటల్లో తొక్కడమే దీని ప్రత్యేకత. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022 నుంచి దీనికి విడిగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా నిర్వహిస్తోంది. వీటికి వాడే సైకిలు టైరు వెడల్పు సాధారణంగా 35 నుంచి 45 మిల్లీమీటర్లు. ఖరీదు లక్షల్లోకి వెళ్తుంది.

మరి తాతగారి నల్లటి బరువు సైకిలు? దాని టైరు 28 × 1½ అంగుళాలు. అంటే వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు. సరిగ్గా అదే కొలత! గేర్లుండవు, బరువెక్కువ. అయినా బల్లపరుపు డెల్టాలో గేరుతో పనేముంది? కంకర దారి మీద పాలవాళ్లు, కూలీలు, బడిపిల్లలు తరాలుగా చేస్తున్నదే ఇది. పేరు మాత్రమే కొత్త.

సరదాకి కాదు... చదువుకి!

సైకిలు బాట అనగానే పట్నంలో ఉదయపు వ్యాయామం గుర్తొస్తుంది. పల్లెలో దాని విలువ వేరు. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టింది. దాని ప్రభావాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ పరిశీలించారు. హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మేలు జరిగింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో సర్కారు బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు.

సైకిలిస్తే చాలా? తొక్కడానికి దారి ఉండాలిగా! 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. హైవే దాటి బడికి వెళ్లాలంటే ఏ తల్లికైనా గుండె దడే. ‘ఆటోలో వెళ్లు’ అంటారు. ఆటోకి డబ్బుల్లేని రోజు బడి మానేస్తుంది. గట్టు దారి బాగుంటే ఈ లెక్క మారుతుంది.

తారు వేస్తే సరిపోదా?

గట్టును బాగు చేయమంటే మనకు ముందు తోచేది తారు రోడ్డే. రోడ్డు పడిన ఏడాది ఊరంతా సంబరం. ఆ తర్వాత అసలు రోడ్డు మీది బళ్లన్నీ దగ్గరిదారని అటే మళ్లుతాయి. ఇసుక ట్రాక్టర్లు, లారీలు కూడా. గట్టేమో సన్నం, పక్కన పిట్టగోడ ఉండదు. అదుపుతప్పి కాలువలోకి దూసుకెళ్లిన కారు వార్త డెల్టా పాఠకులకు కొత్త కాదు. బరువు బళ్లు తిరిగితే గట్టు కుంగుతుంది కూడా.

అలాగని వదిలేస్తే? ముళ్లకంప, చెత్తకుప్పలు, ఆక్రమణలు. మనిషి నడవని గట్టు మీద జరిగేవి ఇవే.

ఈ రెంటికీ మధ్య మూడో దారి కంకర. రోలరుతో తొక్కించిన గ్రావెల్, గట్టు మొదట్లో సైకిలు పట్టేంత సందుతో రెండు దిమ్మెలు. నాట్లకు, కోతలకు ట్రాక్టరు వెళ్లాలి కాబట్టి తీసి పెట్టుకునే దిమ్మెలైతే రైతుకూ ఇబ్బంది ఉండదు. ఇదేమీ కోట్ల ఖర్చుతో కూడిన ఇంజినీరింగ్ అద్భుతం కాదు. ‘ఇక్కడ మోటారు బండికి దారి లేదు’ అని నిర్ణయించడమే కష్టం.

గట్టుకూ మనిషి అవసరమే

ఒకప్పుడు లస్కర్లు గట్ల వెంబడి తిరుగుతూ కాలువలను కనిపెట్టుకుని ఉండేవారు. ఎక్కడ ఎలుక బొరియ పడిందో, ఎక్కడ నీరు ఊరుతోందో ముందే పసిగట్టేవారు. లస్కర్ల సంఖ్య తగ్గిపోయింది. గట్టు తెగితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు చూపించింది. గండ్లు పడి విజయవాడలో వేల ఇళ్లు మునిగాయి. రోజూ వందమంది సైకిళ్ల మీద తిరిగే గట్టుకు వంద జతల కళ్లు కాపలా. బొరియ గండిగా మారకముందే ఎవరో ఒకరు చెబుతారు.

దివిసీమవాళ్లకి గట్టు విలువ మరీ బాగా తెలుసు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని మింగేసింది. సముద్రం వైపు కరకట్ట అక్కడ దారి మాత్రమే కాదు, ప్రాణానికి అడ్డుగోడ.

ఓ ఆదివారం... ఇలా!

ఉయ్యూరు నుంచి తోట్లవల్లూరు వెళ్లి కృష్ణా కరకట్ట ఎక్కితే, ఆంధ్రమహావిష్ణువు కొలువైన శ్రీకాకుళం వస్తుంది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రచనకు సంకల్పించింది ఇక్కడేనంటారు. ఆపైన సుబ్రహ్మణ్యేశ్వరుడి మోపిదేవి, ఆ తర్వాత పులిగడ్డ. నదిపాయ మీదుగా కాలువ నీటిని దివిసీమకు దాటించే అక్విడక్ట్‌ను అక్కడ తప్పక చూడాలి. కరకట్ట మీద వాహనాలు తిరుగుతాయి. అందుకే పొద్దున్నే బయల్దేరి, ఎండెక్కేలోపు ముగించాలి.

ఓపికున్నవాళ్లు అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి దాకా వెళ్లొచ్చు. మడ అడవుల వైపు అడుగేసేముందు అటవీశాఖ అనుమతి అడగాలి.

కాలం: సంక్రాంతి ముందూ వెనకా హాయిగా ఉంటుంది. వానాకాలం వద్దు. నల్లరేగడి మట్టి చక్రానికి అంటుకుంటే సైకిలు మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి!

వెంట ఉండాల్సినవి: గాలి పంపు, పంక్చరు సామాను, మంచినీళ్లు, టోపీ.

జాగ్రత్తలు: కాలువ వైపు కాకుండా పొలం వైపు తొక్కాలి. పిల్లలను ముందుంచి పెద్దలు వెనక నడవాలి. చీకటి పడ్డాక గట్టెక్కొద్దు, పాములుంటాయి. కల్లాల్లో ధాన్యం ఆరబోసిన చోట దిగి నడిపించుకెళ్లడం మర్యాద.

అన్నట్టు, కాలువలో చెత్త వేయకండి. ఆ నీళ్లు కింద ఊళ్లవాళ్లు తాగుతారు.