మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ: చేతులు వణుకుతుంటే ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్ మెడిసిన్ సీటు కోసం ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్ల కోసం.

"బ్రో, మనకి మెడిసిన్‌లో ఇంటర్వ్యూ ఎక్కడుంది? నీట్ ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు, అంతే కదా" అంటారు చాలామంది. నిజమే. 2023లో మన బందరులో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీనే చూడండి. 150 సీట్లతో మొదలైంది. అక్కడ ర్యాంకే మాట్లాడుతుంది, మనల్ని ఎవరూ కూర్చోబెట్టి ప్రశ్నలు అడగరు.

కానీ పూణేలోని ఏఎఫ్ఎంసీ అలా కాదు. అది సైన్యానికి డాక్టర్లని తయారుచేసే కాలేజీ. నీట్ స్కోరు చూసి కొంతమందిని పూణే పిలుస్తారు. అక్కడ ఇంగ్లీషు, లాజిక్ టెస్టు, మానసిక పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఆ ఇంటర్వ్యూకి 50 మార్కులు.

నాగాయలంకలోనో, కోడూరులోనో ఒక అమ్మాయికి ఆ పిలుపు వచ్చిందనుకోండి. ఇంటర్ రెండేళ్లు, లాంగ్‌టర్మ్ ఒక ఏడాది అయ్యాయి. ఇంట్లో వాళ్లు అప్పు చేసి ఫీజు కట్టారు. ఇప్పుడు విజయవాడ వెళ్లి పూణే ట్రైన్ ఎక్కాలి, ముక్కూమొహం తెలియని ఆఫీసర్ల ముందు ఇంగ్లీషులో మాట్లాడాలి. ట్రైన్‌లోనే మొదలవుతుంది: "నేను అక్కడ సరిపోతానా? ఏదో లక్కులో ర్యాంకు వచ్చిందేమో?"

ఈ భయం ఇంటర్వ్యూ లేనివాళ్లకి కూడా తప్పదండీ. ఎంబీబీఎస్‌లో చేరిన మొదటి సంవత్సరమే అనాటమీ వైవా ఉంటుంది. ఎముక చేతిలో పెట్టి అడుగుతారు. కాబట్టి అందరూ వినండి.

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. భయం వేయగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తం చర్మం వైపు తగ్గి పెద్ద కండరాల వైపు వెళ్తుంది, అందుకే వేళ్లు చల్లబడతాయి. నోరు ఎండిపోతుంది. చేపల వలలో పాము కనిపించినా ఒంట్లో జరిగేది ఇదే. అంటే ఇది మీ చేతకానితనానికి గుర్తు కాదు. ముందున్న పని పెద్దదని ఒంటికి అర్థమైంది, అంతే.

అప్పుడు అందరూ చెప్పే మాట "టెన్షన్ పడకు". అది పని చేయదు. ఉరికే గుండెని ఒక్కసారిగా ఆపమంటే ఆగుతుందా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందరి ముందు మాట్లాడాల్సిన వాళ్లలో కొంతమంది చేత "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనిపించారు, మరికొంతమంది చేత "నాకు ఉత్సాహంగా ఉంది" అనిపించారు. రెండో గుంపు బాగా మాట్లాడింది. ఎందుకంటే భయంలోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది, పేరు మార్చడం తేలిక. దానితో పాటు ఊపిరి పీల్చే సమయం కంటే వదిలే సమయం ఎక్కువ ఉండేలా చూసుకోండి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. గుండె వేగం కాస్త తగ్గుతుంది.

"సరే, కానీ నేను వణకడం వాళ్లకి కనిపించేస్తుంది కదా?" అంటారా? మనం అనుకున్నంత కనిపించదు. సావిట్స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2003లో దీని మీదే ప్రయోగాలు చేశారు. మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎంత బయటపడిందనుకున్నారో, చూసేవాళ్లకి అంత కనిపించలేదు. ఇంకో మంచి విషయం ఏంటంటే, ఈ సంగతి ముందే చెప్పినవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా మాట్లాడారు. అంటే ఇప్పుడు మీకు ఇది తెలియడమే సగం మందు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు టేబుల్‌కి అటువైపు కూర్చుని ఫ్రెషర్స్‌ని ప్రశ్నలు అడిగాను. వాళ్ల వేళ్ల వైపు చూసే తీరికే ఉండదండీ. జవాబు ఎటు వెళ్తోంది, తర్వాత ఏం అడగాలి, బుర్రంతా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. ఇంటర్వ్యూలో వచ్చిన మార్కు మీ విలువా? దీనికి అమెరికాలో అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ సుమారు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, ర్యాంకులిచ్చి, పైనున్న వాళ్లతో సీట్లు నింపేసింది. ఆ తర్వాత ప్రభుత్వం ఇంకో 50 సీట్లు పెంచమంది. అప్పటికి మిగిలింది లిస్టు అడుగున ఉన్నవాళ్లే, ముందు వద్దనుకున్నవాళ్లు. వాళ్లనే తీసుకున్నారు. చదువులో, వార్డుల్లో, డిగ్రీ తర్వాత మొదటి ఏడాది శిక్షణలో రెండు గుంపుల్నీ పోల్చి చూశారు. తేడా ఏమీ కనిపించలేదు. 1987లో దాన్ని ప్రచురించారు.

దీనర్థం ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవ్వొద్దని కాదు. సీటు దాని మీద ఆధారపడినప్పుడు ప్రిపేర్ అవ్వాల్సిందే. కానీ అది కొలిచేది ఆ కొన్ని నిమిషాల్నే, మిమ్మల్ని కాదు. కాలేజీలకీ ఇది తెలుసు. అందుకే కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఒకే పెద్ద ఇంటర్వ్యూ బదులు చిన్న చిన్న ఇంటర్వ్యూల వరస తయారుచేసి 2004లో ప్రచురించారు. ఒక గదిలో తడబడితే తర్వాతి గదిలో కొత్త మనిషి, కొత్త మొదలు. విదేశాల్లో మన తెలుగువాళ్ల పిల్లలు చాలామంది ఇప్పుడు ఎదుర్కొనేది ఈ పద్ధతినే.

మరి ప్రిపేర్ అవ్వడం ఎలా? "డాక్టర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావు?" అన్న ప్రశ్న దాదాపు ఖాయం. "పేదలకు సేవ చేయాలని" అని బట్టీ పట్టిన జవాబు పొద్దున్నుంచీ వాళ్లు వింటూనే ఉంటారు. మీ ఊరు చెప్పండి. దివిసీమ వాళ్లకి 2018 గుర్తుండే ఉంటుంది. పొలాల్లో పాముకాట్లు పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టారు. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం కాదు, వీలైనంత త్వరగా యాంటీవీనం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. దారి ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది అన్నదే ప్రాణం. ఇది మీరు కళ్లారా చూసి ఉంటే, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పండి. గ్రామర్ తప్పినా పర్లేదు, ఆ జవాబు ఇంకెవరి దగ్గరా ఉండదు. పల్లెటూరి నుంచి రావడం దాచుకోవాల్సిన విషయం కాదండీ, మీ దగ్గరున్న సరుకే అది.

జవాబుని మొత్తం బట్టీ పట్టొద్దు, మూడు పాయింట్లు గుర్తుపెట్టుకోండి. బట్టీ పడితే ఒక్క మాట మర్చిపోగానే మొత్తం పోతుంది. ఫోన్ ఎదురుగా పెట్టి రెండు నిమిషాలు గట్టిగా మాట్లాడి రికార్డ్ చేయండి. మనసులో చదువుకోవడం వేరు, నోటితో చెప్పడం వేరు. తర్వాత మీ కాలేజీ లెక్చరర్ ముందో, ఊళ్లో నర్సమ్మగారి ముందో చెప్పండి. పరాయి మొహం చూస్తూ మాట్లాడటం అలవాటవ్వాలి.

ప్రశ్న అర్థం కాకపోతే "సార్, ఇంకోసారి చెప్తారా" అని అడగండి. ఆలోచించడానికి ఐదు సెకన్లు ఆగండి. మీకు అది యుగంలా ఉంటుంది, వాళ్లకి కాదు. తెలియకపోతే "తెలియదు సార్" అనండి. తెలియని మందుని తెలిసినట్టు రాసే డాక్టర్ కంటే, తెలియదని చెప్పే డాక్టర్ దగ్గరికే కదా మనం అమ్మని తీసుకెళ్తాం.

ఇక "లక్కులో వచ్చాను" అన్న అనుమానం. 1978లో క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని గురించి రాశారు. బాగా చదివి పైకొచ్చినవాళ్లలోనే వాళ్లు దీన్ని చూశారు. నీట్‌లో 180 ప్రశ్నలు, తప్పుకి మైనస్ మార్కు. లక్కుతో ఎన్ని దాటతారు? ఆ అనుమానం వచ్చినప్పుడు మీ స్కోర్ కార్డు తీసి చూసుకోండి.

అమ్మానాన్నలకి ఒక్క మాట. ఇంటర్వ్యూ గది బయట "ఎలా చేశావు, ఏం అడిగారు" అని వెంటనే అడగకండి. ముందు భోజనం పెట్టించండి.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకడం ఎందుకు అనిపించినా, అది ఇంటర్వ్యూ టెన్షన్ కాదు. దాన్ని ఒంటరిగా మోయకండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక పని చేయండి. "డాక్టర్ ఎందుకు?" అన్న ప్రశ్నకి రెండు నిమిషాల రికార్డింగ్. మొదటిది బాగుండదు, డిలీట్ చేయకండి. వారం తర్వాత ఇంకోటి చేసి రెండూ పక్కపక్కన వినండి. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.