కిరాయంతా డ్రైవర్ జేబులోకే పోతోందా?

దూరప్రాంతాలకు లారీ కిరాయి పెరిగిన ప్రతిసారీ నింద డ్రైవర్ మీదే పడుతుంది. "జీతాలూ బత్తాలూ భరించలేకపోతున్నాం, కిరాయంతా వాళ్లకే చాలడం లేదు" అన్న మాట ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల నుంచి కూరగాయల మార్కెట్ దాకా పాకింది. దీన్ని నమ్మిన యజమానులు ముందు క్లీనర్‌ను మాన్పించారు, తర్వాత రెండో డ్రైవర్‌ను. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను 2018లో కేంద్రమే ఎత్తేసింది. ఇక అడ్డేముంది? విజయవాడలో లోడ్ ఎత్తిన బండిని ఢిల్లీ దాకా ఒక్కడే తోలాల్సి వస్తోంది.

లెక్క వేసి చూడండి. విజయవాడ నుంచి ఢిల్లీ సుమారు 1,800 కిలోమీటర్లు. నిండు లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే 450 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 90 రూపాయలే అనుకున్నా 40,500 అవుతుంది. రోడ్డు భద్రతపై పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ విజయవాడతో సహా పది నగరాల్లో జరిపి 2020లో విడుదల చేసిన సర్వేలో సగానికి పైగా డ్రైవర్లు తమ నెల జీతం 10 వేలకూ 20 వేలకూ మధ్యేనన్నారు. ఆ తర్వాత జీతాలు పెరిగాయనే అనుకుందాం. అయినా ఒకవైపు ప్రయాణానికి అయ్యే డీజిల్ ముందు మనిషి నెల కష్టం చిన్నదే. దానిపైన టోల్, టైర్లు, ఫైనాన్స్ కిస్తీ, బీమా, ఏజెంట్ కమీషన్, దారి మామూళ్లు, రిటర్న్ లోడ్ దొరక్క ఖాళీగా వచ్చే బండి.

సరుకు ధర సంగతీ అంతే. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో 200 దగ్గరికి వెళ్లింది. 20 టన్నుల లోడుకు ఇద్దరు డ్రైవర్లకూ కలిపి 20 వేలు ఇచ్చినా కిలోకు పడేది ఒక్క రూపాయి. ఆ ధర పంట దెబ్బతిన్నందువల్ల వచ్చింది, స్టీరింగ్ పట్టినవాడి వల్ల కాదు.

అమెరికాలో మాత్రం డ్రైవర్ వేతనమే పెద్ద ఖర్చు. 2023లో అక్కడ లారీ మైలు నడవడానికి 2.27 డాలర్లు అయితే, అందులో వేతనం 78 సెంట్లు, ఇంధనం 55 సెంట్లు. ఆ లెక్క తెచ్చి ఇక్కడివాళ్లకు అంటగట్టకూడదు.

క్లీనర్ దండగ ఖర్చన్నవాళ్లు ఇరుకు సందులో ఒంటరిగా లారీ రివర్స్ చేసి చూడాలి. కుర్రాళ్లకు ఒళ్లు వంగక డ్రైవర్ల కొరత వచ్చిందన్నదీ అబద్ధమే. తమవాళ్లెవరినీ ఈ పనిలోకి రమ్మని చెప్పబోమని అదే సర్వేలో 84 శాతం డ్రైవర్లు అన్నారు.

దారిలో డీజిల్ అమ్ముకునేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. కాదనలేం. దానికి మైలేజీ లెక్క, జీపీఎస్ ఉన్నాయి. కొందరి చేతివాటానికి అందరి జీతం కోస్తే నిజాయితీపరుడే ముందు మానేస్తాడు.

డ్రైవర్ పని రోజుకు 8 గంటలు, దూరప్రయాణాల్లో అనుమతితో 10 గంటలు మించకూడదని ఆ సర్వే నాటికి అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. సర్వేలో తేలిన సగటు 12 గంటలు. నిద్ర ముంచుకొస్తున్నా నడుపుతున్నామని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు. యజమానులు రాత్రి ప్రయాణాలకు రెండో డ్రైవర్‌ను పెట్టాలి, జీతం బ్యాంకులో వేయాలి. సరుకు తెప్పించుకునే వ్యాపారులు బండిని గోడౌన్ ముందు రోజుల తరబడి నిలబెట్టకుండా వెంటనే దించుకోవాలి. ఆలస్యమైతే హాల్టింగ్ ఛార్జీ ఎంతో ముందే కాగితం మీద రాసి, అందులో డ్రైవర్ వాటా డ్రైవర్‌కు ఇవ్వాలి.