నెమలి పిల్లకు పింఛం ఎక్కడిది?

నెమలి పిల్లను మీరెప్పుడైనా చూశారా? పెద్ద నెమలిని కాదండీ, గుడ్డులోంచి బయటికొచ్చి పది రోజులైన పిల్లను. చూడకపోతే ఏముంది, ఫోనులో వెతికితే కనబడుతుందిలే అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది! 2024లో 'బేబీ పీకాక్' అని గూగుల్‌లో వెతికిన వాళ్ళకి కనిపించిన బొమ్మల్లో చాలావాటిని ఏ కెమెరా తీయలేదు. తెల్లటి దూదిపింజ లాంటి ఒళ్ళు, నీలి తల, వెనక బుల్లి పింఛం... అవన్నీ ఏఐ, అంటే కృత్రిమ మేధ, గీసి పెట్టినవి.

నిజం నెమలి పిల్ల ఇంత షోగ్గా ఉండదు. గోధుమ రంగులో, మట్టిలో కలిసిపోయేటట్టు ఉంటుంది. కుక్కల నుంచీ డేగల నుంచీ దాన్ని కాపాడేది ఆ మట్టి రంగే. మగపిల్లకైనా పింఛం పూర్తిగా రావాలంటే సుమారు మూడేళ్ళు పడుతుంది.

మా పక్కింటి అమ్మాయి ఈమధ్య బడికి చార్టు చేస్తూ ఇలాంటి బొమ్మనే అంటించింది. వాళ్ళమ్మ మురిసిపోయి, "ఎంత ముద్దుగా ఉందో చూడండక్కా!" అని నాకు చూపించింది. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న వాళ్ళత్తగారు ఒక్కసారి తొంగిచూసి, "ఇదేం పిల్లే? పుట్టీపుట్టగానే పింఛమేంటి? మా చేలో నెమలి పిల్లలు నాటుకోడి పిల్లల్లా ఉండేవి" అనేశారు. ఆవిడకు స్మార్ట్‌ఫోను వాడడం రాదు. కానీ నెమలి పిల్ల తెలుసు. అందుకే ఆవిడ కళ్ళను ఆ బొమ్మ మాయ చేయలేకపోయింది.

యంత్రం ఎలా గీస్తుంది?

లక్షలూ కోట్ల ఫోటోలను చూపించి ఈ యంత్రానికి శిక్షణ ఇస్తారు. 'పులి' అంటే ఎలాంటి రంగులు, ఎలాంటి గీతలు పక్కపక్కన వస్తాయో అది పట్టేస్తుంది. మనం అడగ్గానే టీవీలో చుక్కల తెరలాంటి గజిబిజితో మొదలుపెట్టి, ఆ చుక్కల్ని కొంచెం కొంచెంగా సర్దుకుంటూ బొమ్మ తేలుస్తుంది. పులికి ఎముకలుంటాయనీ, ఆకలేస్తుందనీ దానికి తెలీదు. చూసిన బొమ్మల పోలికలన్నీ కలిపి వండుతుంది, అంతే. మనుషులు ముద్దుగా ఉన్నవే ఎక్కువ ఇష్టపడతారు కనుక వచ్చేవి కూడా ముద్దుగానే ఉంటాయి.

ఎలా పోల్చుకోవాలి?

మొదట కాళ్ళు చూడండి. చాలా పిట్టలకి ముందుకి మూడు వేళ్ళు, వెనక్కి ఒకటి ఉంటాయి. చిలకకైతే ముందు రెండు, వెనక రెండు. యంత్రం ఈ లెక్క తరచు తప్పుతుంది. తర్వాత ఒళ్ళు. అడవి జంతువు ఒంటి మీద దుమ్ము, గాటు, చినిగిన చెవి... ఏదో ఒకటి ఉంటుంది. సబ్బుతో తోమి, దువ్వెనతో దువ్వినట్టుంటే అనుమానించాలి. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఏ రెండు పులులకీ ఒకేలా ఉండవు, ఒకే పులికి కూడా కుడిపక్క చారలు ఎడమపక్కలా ఉండవు. అడవిలో చెట్లకు కట్టిన కెమెరాల్లో పడ్డ ఫోటోలను పెట్టుకుని, ఆ చారలు పోల్చే మన దేశంలో పులుల్ని లెక్కిస్తారు. 2022 లెక్కల్లో 3,682 అని తేలింది అలాగే.

ఇక నడవడి. ధ్రువపు ఎలుగు, పెంగ్విన్ ఒకే మంచు మీద కనిపిస్తే అది ఫోటో కాదు. ఒకటి ఉత్తర ధ్రువం వైపుది, రెండోది దక్షిణార్ధ గోళంలోది. 2025 జులైలో రాత్రిపూట పెరట్లో ట్రాంపొలిన్ మీద గెంతుతున్న కుందేళ్ళ వీడియోను కోట్లమంది చూసి మురిశారు. పట్టిపట్టి చూస్తే ఒక కుందేలు గాల్లోనే మాయమవుతుంది!

అయితే ఈ గుర్తులన్నీ ఎల్లకాలం పనికిరావు. యంత్రం నెలనెలకీ మెరుగవుతోంది. నిన్న తప్పిన వేళ్ళ లెక్క రేపు సరిగ్గా వస్తుంది.

నిజమే ఓడిపోతే...

2024లో ఓ తమాషా జరిగింది. '1839 అవార్డ్స్' అనే ఫోటో పోటీలో ఏఐ బొమ్మలకు ఒక విభాగం ఉంది. మైల్స్ ఆస్ట్రే అనే ఫోటోగ్రాఫరు అందులోకి తను అరూబా దీవిలో నిజంగా తీసిన ఫ్లెమింగో ఫోటోను పంపాడు. ఆ పక్షి పొట్ట గోక్కోవడానికి తల ఒంట్లోకి దూర్చేసింది, చూడ్డానికి తల లేనట్టే ఉంది. దానికి న్యాయనిర్ణేతలు మూడో బహుమతి ఇచ్చారు, జనం ఓటూ దానికే పడింది. "ఇది అసలు ఫోటో" అని ఆయనే చెప్పాక పోటీ నుంచి తీసేశారు. ప్రకృతి చేసే వింత ఏ యంత్రానికీ తీసిపోదని చూపించడానికే అలా చేశానన్నాడు. చలికాలంలో పులికాట్ సరస్సుకు వెళ్తే అలా తల దాచుకున్న ఫ్లెమింగోలను మనమూ చూడొచ్చు.

మోసం ఏఐతోనే పుట్టలేదు లెండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా పెట్టే వన్యప్రాణి ఫోటోల పోటీలో 2009 విజేత తీసింది పెంపుడు తోడేలని తేల్చి బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2017లో గెలిచిన ఒక ఫోటోలోని చీమలు తినే జంతువు గడ్డి కూరిన బొమ్మని 2018లో తేల్చి దాన్నీ రద్దు చేశారు. కానీ ఆ మోసానికి కూడా అడవికి వెళ్ళాలి, కెమెరా మొయ్యాలి. ఇప్పుడు సోఫాలో కూర్చుని ఒక వాక్యం టైపు చేస్తే చాలు.

ముచ్చట పడితే తప్పేంటి?

తప్పేం లేదు, బొమ్మ అని తెలిస్తే. రవివర్మ గీసిన లక్ష్మీదేవి పక్కన ఏనుగు ఉంటుంది. దాన్ని ఎవరూ ఫోటో అనుకోరు, అందుకని ఎవరికీ నష్టం లేదు.

2025 వసంతంలో హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్ల గొడవ గుర్తుందా? బుల్డోజర్ల ముందు లేళ్ళు, నెమళ్ళు ఏడుస్తూ పరిగెడుతున్న బొమ్మలు ఫోన్లన్నీ తిరిగాయి. వాటిలో కొన్ని ఏఐవి. అక్కడ జింకలూ నెమళ్ళూ ఉన్నమాట నిజం, చెట్లు కొట్టినమాట నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది కూడా. అయినా ఆ దొంగ బొమ్మల వల్ల, "ఇదంతా ఏఐ ప్రచారం" అని కొట్టిపారేయడానికి ఒక సాకు దొరికింది. జంతువుల మీద జాలితో పంపిన బొమ్మే వాటి సాక్ష్యానికి మచ్చ తెచ్చింది!

ఇక మన కలివికోడి సంగతి వినండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న ఈ చిన్న రాత్రిపిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. ఊరి మనిషి ఒకాయన టార్చిలైటు వెలుతురులో పట్టుకున్నాకే లోకం నమ్మింది. దానికోసం లంకమలలో అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మళ్ళింది. ఇంతటికీ మూలం ఒక నిజమైన రుజువు. ఈ రోజుల్లో ఎవరైనా సరదాకి 'కలివికోడి కనిపించింది' అని పది దొంగ బొమ్మలు వదిలారనుకోండి. రేపు పదకొండోది అసలుదైతే ఎవరు నమ్ముతారు?

మనమేం చెయ్యాలి?

బొమ్మ రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు? అసలు ఫోటోగ్రాఫరు ఈ మూడూ గర్వంగా రాసుకుంటాడు. జవాబు లేకపోతే మనవైపు నుంచి ముందుకు పంపకండి. గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే చాలాసార్లు గుట్టు తెలుస్తుంది.

అన్నిటికన్నా మంచి ఉపాయం పిల్లలకి అసలుదాన్ని చూపించడం. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకో, నేలపట్టుకో, దగ్గర్లోని జూకో ఒక ఆదివారం టిఫిను కట్టుకుని వెళ్ళండి. గూడబాతు ఎంత వికారంగా నడుస్తుందో, దాని పిల్ల ఎంత బోసిగా ఉంటుందో ఒక్కసారి చూస్తే చాలు. ఆ పిల్లల్ని మోసం చేయడం ఎంత గొప్ప యంత్రానికైనా కొంచెం కష్టమే అవుతుంది.