గ్యారేజీలో ఆరంభమైన టెలివిజన్ కేంద్రము: కాపరులకు దాని చరిత్ర నేర్పు పాఠములు

గోదావరి డెల్టాలో ఆదివారము ఆరాధన ముగించుకొని ఇల్లు చేరిన విశ్వాసి సాయంకాలము టీవీలో మరియొక ప్రసంగము వింటాడు. కొన్ని ఇండ్లలో సంఘ కాపరి మాట కంటె తెరమీది ప్రసంగీకుని మాటకే విలువ ఎక్కువ. కాబట్టి "మనకు కూడ ఒక ఛానెల్ ఉంటే బాగుండును" అనే ఆలోచన కాపరులకు కలుగుట సహజము. ఆ ఆలోచనను పరీక్షించుటకు అమెరికాలో ఒక మఠము నుండి పుట్టిన కతోలిక టెలివిజన్ కేంద్రపు చరిత్రను ఇక్కడ పరిశీలించుచున్నాము.

1. ఆరంభము

కతోలిక సంప్రదాయములో టెలివిజనుకు పాలక పునీతురాలు అస్సీసీ క్లారా. జబ్బుపడి మంచము మీదనున్న ఆమెకు క్రిస్మసు రాత్రి దేవాలయములో జరిగిన పూజ తన గదిలోనే కనబడి, వినబడినదని చెప్పుదురు. అందువలన పోపు పన్నెండవ పయస్ 1958లో ఆమెను ఈ మాధ్యమమునకు పాలకురాలిగా ప్రకటించారు.

ఆ క్లారా సభకు చెందిన మదర్ ఏంజెలికా (1923–2016) 1962లో అలబామా రాష్ట్రములోని ఐరన్‌డేల్‌లో మఠము స్థాపించారు. కతోలికులు బహు కొద్దిమంది ఉన్న ప్రాంతమది. మఠకన్యలు చేపల గాలములకు కట్టే ఎరలు చేసి అమ్మి, వేరుశెనగలు వేయించి అమ్మి తమ ఖర్చులు గడుపుకొన్నారు. 1978లో షికాగోలో ప్రొటెస్టెంటు క్రైస్తవులు నడుపుచున్న చిన్న స్టూడియోను చూచినప్పుడు, ఇటువంటిది తమకును సాధ్యమేనని ఆమెకు తోచినది. మఠపు గ్యారేజీయే స్టూడియో అయినది. 1981 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, 'ఎటర్నల్ వర్డ్ టెలివిజన్ నెట్‌వర్క్' రోజుకు నాలుగు గంటల ప్రసారము మొదలుపెట్టినది. అప్పుడు అది చేరిన గృహములు సుమారు 60,000.

2. రెండు మార్గములు

1982లో అమెరికా బిషప్పులు కూడ స్వంత ఉపగ్రహ ప్రసార వ్యవస్థను ప్రారంభించారు. అది మేత్రాసనములు చెల్లించే రుసుము మీద ఆధారపడినది. దాని కార్యక్రమములు ముందు మేత్రాసనములకు చేరి, అక్కడి నుండి ప్రజలకు అందవలసియుండెను. 1995లో అది మూతబడినది. మఠపు కేంద్రమో, తన కార్యక్రమములను కేబుల్ ఆపరేటర్లకు ఉచితముగా ఇచ్చి, వ్యాపార ప్రకటనలు లేకుండ ప్రేక్షకుల కానుకలతో నిలిచినది. 1987లో 24 గంటల ప్రసారమునకు ఎదిగినది.

అయితే ఈ విజయములో ఒక చిక్కు ఉన్నది. 1997లో మదర్ ఏంజెలికా ప్రభువు బల్లను గూర్చి లాస్ ఏంజెలెస్ కార్డినలు వ్రాసిన లేఖను ప్రసారములోనే బహిరంగముగా విమర్శించారు. తెర మీద మాటలాడువారు సంఘములో ఎవరికి జవాబుదారులు? ఈ ప్రశ్న పెద్ద వివాదమైనది. 2000లో ఆమె అధికారమును విడిచి, కేంద్రమును గృహస్థ విశ్వాసుల పాలకవర్గమునకు అప్పగించారు.

3. మన ప్రాంతమునకు అన్వయము

తెలుగు కతోలికులకు ఫిలిప్పీన్స్ నుండి రేడియో వెరితాస్ ఆసియా షార్ట్‌వేవ్‌లో తెలుగు కార్యక్రమములను అందించినది. 2018లో షార్ట్‌వేవ్ నిలిచిపోయి, ఆ సేవ ఇంటర్నెట్‌కు మారినది. దివ్యవాణి టీవీ తెలుగు కతోలిక ఛానెలుగా వచ్చినది. కాని ఉపగ్రహ ఛానెల్ పెట్టుట ఒక్క సంఘమునకు తేలిక కాదు. వార్తలు కాని ఛానెలుకైనను దరఖాస్తు చేయు కంపెనీకి 5 కోట్ల రూపాయల నికర ఆస్తి ఉండవలెనని 2011 నాటి కేంద్ర నిబంధనలు కోరినవి.

ధనము కంటె ముఖ్యమైనది ఉద్దేశము. టీవీలో పూజను చూచుట, పూజలో స్వయముగా పాల్గొనుటతో సమానము కాదని పన్నెండవ పయస్ 1957లోనే తన విశ్వలేఖలో బోధించారు. కోవిడ్ కాలములో, 2020 ఏప్రిల్ 17న, పోపు ఫ్రాన్సిస్ కూడ తెర ద్వారా మాత్రమే నడిచే సంఘము సంఘము కాదని హెచ్చరించారు.

కావున క్లారా మంచమును మనము మరువరాదు. ఆమెకు ఆ దర్శనము లేవలేని స్థితిలో కలిగినది. నడువగలిగిన దినములలో ఆమె దేవాలయములోనే ఉండెను. లంక గ్రామములో పక్షవాతముతో పడియున్న వృద్ధురాలికి మన ప్రసారము ఆదరణ కావలెను. ప్రసారము ముగిసిన తరువాత ఆమె తలుపు తట్టవలసినవాడు మాత్రము ఆ ఊరి కాపరియే.