రబ్బరు కప్పకి కొరమీను పడుద్దా?

మా బావ డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ చాక్లెట్లు తెచ్చాడు. నాకు మాత్రం ఒక ప్లాస్టిక్ పెట్టె ఇచ్చాడు. తెరిస్తే గళ్ళలో రంగురంగుల బొమ్మలు. చేపపిల్లలు, పురుగులు, తళతళలాడే రేకులు, ఓ మూల రెండు రబ్బరు కప్పలు. ‘‘అక్కడ బాస్ చేపని వీటితోనే పడతారు. మన దొరవారిసత్రంలో దేనికి ఏం పడుద్దో నువ్వే చూసి చెప్పు’’ అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఎర్రలు తవ్వి గాలానికి గుచ్చిన చేతులివి. బొమ్మతో చేపని మోసం చెయ్యడమంటే నవ్వొచ్చింది.

అమెరికా వాళ్ళకి బాస్ పిచ్చి మామూలుది కాదు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టిన పెద్దనోటి బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది. అంటే పది కిలోల పైమాట. 77 ఏళ్ళ తర్వాత, 2009లో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప దానికి సాటి వచ్చింది. పెర్రీ వాడింది బొమ్మ, కురిటా వాడింది బతికున్న చేప. బొమ్మ గొప్పదా, నిజమైన ఎర గొప్పదా అనే తగువు అక్కడా తెగలేదన్నమాట.

మన దగ్గర ఆ బాస్ లేదు. పులికాట్‌లో దొరికే పండుగప్పని ఇంగ్లీషులో సీ బాస్ అంటారు గానీ దాని కాపురం ఎక్కువగా ఉప్పునీళ్ళతోనే. మంచినీళ్ళ చెరువులో బాస్ పని చేసేది మన కొరమీను. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, బుద్ధులు మాత్రం ఒకటే. ఆకుల కింద నక్కి కూర్చుంటది. కప్ప దూకితే ఒక్క ఉదుటున మింగుద్ది. పిల్లల్ని కాపలా కాస్తది. ఈ చివరి సంగతికి మళ్ళీ వస్తాను.

దొరవారిసత్రం అనగానే చాలామందికి నేలపట్టు గుర్తొస్తుంది. అది 1976 నుంచి పక్షుల అభయారణ్యం. అక్కడ చేపలు తినే హక్కు గూడబాతులది, మనది కాదు. నేను పోయేది వేరే ఊరి చెరువుకి, అదీ పాట పాడుకున్న వాళ్ళని అడిగి. (2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. మాట మాత్రం నెల్లూరు మాటే, ఏం చేస్తాం!)

మొదటి రోజు పెట్టెలో అన్నిటికన్నా అందంగా ఉన్న చేపపిల్ల బొమ్మ కట్టాను. క్రాంక్ బెయిట్ అంటారట. లాగితే మూతి ముందుండే రేకు వల్ల నీళ్ళలోకి మునిగి వణుకుతూ వస్తది. పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి కొక్కేల గుత్తులు. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిది దాకా ఆ గుత్తులకి పడింది నాచు, నాచు, మళ్ళీ నాచు. ఆఖరికి జమ్ములో ఇరుక్కుంటే నడుం లోతు నీళ్ళలో దిగి విడిపించుకొచ్చా. రెండో రోజు తిరుగుడు రేకున్న స్పిన్నర్ బెయిట్. తూము దగ్గర, కలుజు దగ్గర, నాచు లేని చోట అది హాయిగా తిరిగింది. కానీ కొరమీను అక్కడ ఉంటే కదా!

కట్ట మీద కూర్చుని ఇదంతా చూస్తున్న యానాది పెద్దాయన ఒకాయన అడిగాడు. ‘‘ఏంది నాయనా, బొమ్మని సూస్తన్నావా, నీళ్ళని సూస్తన్నావా?’’

అప్పుడు చూశాను నీళ్ళని. కలువాకుల మధ్య అరచేతంత ఖాళీలో ఒక బుడగ. కాసేపటికి ఇంకోటి, రెండు బారల అవతల. కొరమీనుకి మొప్పలు ఒక్కటే చాలవు. కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి గాలి మింగి పోవాలి. ఎండాకాలం చెరువు ఇంకిపోయినా తడి బురదలో బతికేది ఈ విద్య వల్లే. గాలం వేసేవాడికి మాత్రం అది చిరునామా ఇచ్చినట్టే.

రబ్బరు కప్ప బయటికి తీశా. లోపల డొల్ల, నీళ్ళ మీద తేలుద్ది. రెండు కొక్కేలూ పైకి తిరిగి వీపుని ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకుల మీద జారినా తగులుకోవు. చేప నోట్లో నొక్కినప్పుడు రబ్బరు అణిగి కొనలు బయటపడతాయి. నైలాన్ దారం తీసేసి అల్లిక దారం కట్టాను. నైలాన్ సాగుద్ది. సాగిన ఆ కాస్త సమయంలో కొరమీను కలువ కాడల్లో చుట్టుకుందంటే ఇంక అంతే సంగతులు.

విసరడం బుడగ మీదకి కాదు, దాని అవతలికి. అక్కడి నుంచి ఆకు మీదకి ఎక్కించి, చిన్నగా గెంతించి, ఖాళీ రాగానే ఆపాలి. ఆపడమే కష్టం. మన చెయ్యి ఊరుకోదు. దబ్ మని నీళ్ళు పగిలాయి, గుండె ఆగినంత పనయింది, లాగేశా. కప్ప ఒక్కటే ఎగిరొచ్చి నా భుజానికి తగిలింది. పెద్దాయన పడీపడీ నవ్వాడు. ‘‘అది నోట్లో పెట్టుకోబళ్ళా? ఒకటి, రెండు అనుకో. అప్పుడు లాగు.’’ మూడోసారి ఒకటి, రెండు అనుకున్నా. కిలో దాకా ఉన్న కొరమీను గడ్డి మూటతో సహా ఒడ్డుకొచ్చింది. ఆ రాత్రి మామిడికాయ వేసి పులుసు.

రంగు సంగతి అడుగుతారేమో. పెట్టెలో ఆకుపచ్చ కప్పా ఉంది, నల్లదీ ఉంది. మబ్బు పొద్దున్నే, బురద నీళ్ళలో నాకు నల్లదే ఎక్కువ పనిచేసింది. కింద నుంచి చూసే చేపకి ఆకాశం మీద నల్లని ఆకారం తేటగా కనపడుద్దని నా లెక్క. బతికున్న కప్పని గుచ్చడం మాత్రం మానేశాను. కప్పకాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లోనే ఆపింది. చేలో పురుగుల్ని తినే జీవాన్ని చెరువు కోసం చంపడమెందుకు?

ఇప్పుడు ఆ చివరి సంగతి. వానలు పడి చెరువు నిండాక నీళ్ళ మీద ఎర్రటి మచ్చ ఒకటి కనపడింది, చల్లిన కుంకుమ కదులుతున్నట్టు. కొరమీను పిల్లల మంద. కింద తల్లో తండ్రో ఉంటది. దాని మధ్యలో కప్పని వేస్తే ఆకలి లేకపోయినా కొట్టుద్ది, పిల్లల మీదకొచ్చిందన్న కోపంతో. నేను వేశాను. మొదటి విసురుకే పడింది, అప్పటిదాకా నేను పట్టినవాటన్నిటికన్నా పెద్దది. బకెట్‌లో వేసుకుని మురిసిపోతుంటే పెద్దాయన ఈసారి నవ్వలేదు. ‘‘పిల్లల మీదుండేదాన్ని నేను పట్టను’’ అని నీళ్ళకేసి చూపించాడు. ఎర్రమచ్చ చెదిరిపోయి ఉంది. దాని చుట్టూ చిన్నచిన్న చేపలు టప్ టప్ మని ఎగబడుతున్నాయి.

పట్టిన చోటే వదిలేశా. ఒక్క తోక ఊపుతో పోయింది. పిల్లల దగ్గరికే పోయిందో, భయంతో జమ్ములోకి పోయిందో తెలీదు. కాసేపు నిలబడి చూశాను, ఎర్రమచ్చ మాత్రం మళ్ళీ దగ్గరికి చేరలేదు.

బావకి ఫోన్లో చెబితే అక్కడా ఇదే గొడవంట. బాస్‌లో మగచేప గూడు కట్టి, గుడ్లనీ పిల్లల్నీ కాస్తది. ఆ గూటి మీద బొమ్మ వేస్తే తప్పకుండా కొట్టుద్ది. కొందరు తప్పంటారు, కొందరు వెంటనే వదిలేస్తే ఏం కాదంటారు. కెనడాలో చాలాచోట్ల ఆ కాలంలో బాస్‌ని పట్టనివ్వరు.

ఇప్పుడు ఎర్రమచ్చ కనపడితే దారం చుట్టుకుని కట్ట అవతలి వైపు పోతున్నా. కొక్కేల కొన దగ్గర వెనక్కి తిరిగుండే చిన్న ముల్లుని కటింగ్ ప్లేయరుతో నొక్కేశాను, వదలాల్సిన చేప తేలిగ్గా ఊడొస్తదని. కొన్ని తప్పించుకుంటున్నాయి, నిజమే.

‘‘సరే, ఈసారి ఏ బొమ్మలు పంపమంటావు?’’ అన్నాడు బావ.

‘‘నల్లకప్పలు రెండు. మిగతా పెట్టె పిల్లకాయలు ఆడుకుంటున్నారులే. కొక్కేలు పీకే ఇచ్చా.’’