పాదం వాయించే డ్రమ్ము

పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం చూశారు కదూ? పెద్ద డ్రమ్మును ఒకాయన మెడకు తగిలించుకుని వాయిస్తాడు. చిన్న డ్రమ్ము ఇంకొకరిది. తాళాలు వేరొకరివి. కాని సినిమా పాటల కచేరీలో ఇవన్నీ ఒక్కరే కూర్చుని వాయించేస్తారు. ఉన్నవి రెండు చేతులే కదా, మరి పెద్ద డ్రమ్మును కొట్టేదెవరు? పాదం! దానికి తోడ్పడే సాధనమే పెడల్.

ఒకప్పుడు అమెరికా నాటకశాలల్లో వాద్యకారుడు పెద్ద డ్రమ్మునూ చిన్న డ్రమ్మునూ పక్కపక్కనే పెట్టుకుని, రెంటినీ చేతికర్రలతోనే వాయించేవాడు. తర్వాత కాలితో నొక్కే సాధనాలు వచ్చాయి కాని, వేగంగా సాగే పాటలకు అవి అందుకోలేకపోయేవి. 1909లో షికాగోకు చెందిన విలియం లుడ్విగ్ చురుకుగా పనిచేసే పెడల్ తయారుచేశాడు. తమ్ముడు థియోబాల్డ్‌తో కలిసి వాటిని అమ్మసాగాడు.

పెడల్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. పాదం ఆనించే పలకకు మడమ వైపున మడతబందు ఉంటుంది. వేళ్ళ వైపు కొనను ఒక గొలుసుగాని, పట్టీగాని పైనున్న చిన్న చక్రానికి కలుపుతుంది. ఆ చక్రం ఇరుసు మీద ఉంటుంది. అదే ఇరుసుకు ఒక కర్ర, కర్ర చివర ఒక గుండు ఉంటాయి. పలకను నొక్కితే గొలుసు చక్రాన్ని తిప్పుతుంది, గుండు వెళ్ళి డ్రమ్మును కొడుతుంది. ఈలోగా పక్కనున్న స్ప్రింగు సాగుతుంది. పాదం ఎత్తగానే అది గుండును వెనక్కి లాగేస్తుంది.

చక్రం వ్యాసార్ధం 3 సెంటీమీటర్లు, కర్ర పొడవు 18 సెంటీమీటర్లు అనుకోండి. గొలుసు 2 సెంటీమీటర్లు కదిలితే గుండు 12 సెంటీమీటర్లు కదులుతుంది. దూరం ఆరింతలయింది! అయితే ఇది ఊరికే రాలేదు. గొలుసును లాగిన బలంలో ఆరోవంతు మాత్రమే గుండు దగ్గరికి చేరుతుంది. సైకిలు బ్రేకులో దూరం ఇచ్చి బలం పుచ్చుకుంటాం. ఇక్కడ బలం ఇచ్చి దూరాన్ని, వేగాన్ని పుచ్చుకుంటున్నాం.

ఇక మీ బడి బ్యాండుకు పెడల్ కొనాలి. ఏది ఎంచుకుంటారు? "స్ప్రింగు ఎంత బిగువుగా ఉంటే అంత మంచిది" అనుకుంటే పొరపాటే. బిగువు ఎక్కువైతే గుండు త్వరగా వెనక్కి వస్తుంది, నిజమే. కాని ప్రతి దెబ్బకూ ఆ స్ప్రింగును సాగదీయవలసింది మీ పాదమే. కాసేపటికే కాలు లాగేస్తుంది. మరీ వదులైతే గుండు తీరిగ్గా వెనక్కి వస్తుంది, తాళం తప్పుతుంది. గుండు బరువు పెరిగినా రాకపోకలు నెమ్మదిస్తాయి.

అందుకని కొనేముందు ఒక పరీక్ష చేయండి. పెడల్‌ను డ్రమ్ముకు దూరంగా పెట్టి, గుండును కొంచెం లాగి వదలండి. అది లోలకంలా ఊగుతుంది. చాలాసేపు ఊగితే ఇరుసు దగ్గర ఘర్షణ తక్కువని అర్థం. రెండు ఊపులకే ఆగిపోతే మీ శ్రమలో కొంత ఘర్షణకే పోతుందన్నమాట. ఇరుసును అటూ ఇటూ కదిపి కూడా చూడండి. లొడలొడలాడితే అరిగిపోయిందని తెలుసుకోవచ్చు.

గుండును కూడా చూడండి. మెత్తని ఉన్నిగుండు చర్మాన్ని తాకి కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. అందువల్ల కీచుమనే సన్నని ధ్వనులు అణగి, "ధమ్" అని గంభీరంగా వినిపిస్తుంది. చెక్కగుండు ఇలా తాకి అలా విడిపోతుంది, "టప్" అనే శబ్దం వస్తుంది.

చివరగా, కూర్చుని పావుగంటసేపు వాయించి చూడండి. ఉయ్యాలకు తనదైన ఒక ఊపు ఉంటుంది. ఆ ఊపుకు తగ్గట్టు తోస్తే చిన్నపిల్లలైనా ఊపగలరు, ఎదురు తోస్తే పెద్దవాళ్ళకైనా అలసటే. పెడల్ సంగతీ అంతే. ఖరీదైనదా అని కాదు, దాని ఊపు మీ పాదానికి కుదిరిందా అని చూడండి!